ఎండ కాస్తున్నా ఓడ ఎందుకు కదలదు? గ్రీసు దీవుల ఫెర్రీల వెనకున్న లెక్క

హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో సాంటోరిని ట్రిప్ వేసుకున్నవాళ్లకి జులై, ఆగస్టుల్లో తరచూ ఒకే రకం అయోమయం ఎదురవుతుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, ఎండ చురుక్కుమంటుంటుంది, ఫొటోల్లో చూసిన నీలం అలాగే ఉంటుంది, కానీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: వాతావరణం కారణంగా ఈరోజు మీ ఓడ రద్దు. ఇదేదో కంపెనీ సాకు అని కొందరు, గ్రీసువాళ్లకి బద్ధకం అని కొందరు, సమ్మె అయ్యుంటుందని ఇంకొందరు తలోమాటా అంటారు. పక్క కంపెనీ పెద్ద ఓడ మాత్రం అదే రేవు నుంచి అదే పూట బయల్దేరడం కళ్లారా చూస్తే కోపం ఇంకా పెరుగుతుంది.

నిజానికి అందులో మోసం లేదు. ఓడ ఎప్పుడు ఆగాలి, టికెట్ ఎంత ఉండాలి, ఆగితే డబ్బు ఎవరివ్వాలి అన్న ప్రతిదానికీ అక్కడ ఒక లెక్క ఉంది. ఆ లెక్క టూరిస్టుల కోసం పుట్టింది కాదు. గ్రీసులో జనం కాపురముండే దీవులు 200కి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి పాలు, మందులు, గ్యాస్ సిలిండర్లు, బడి పంతుళ్లు, పెళ్లిబట్టలు అన్నీ ఫెర్రీలోనే వెళ్తాయి. అనఫీ, ఫోలెగాండ్రోస్, అమోర్గోస్, తీనోస్ లాంటి దీవులకి విమానాశ్రయమే లేదు. అక్కడివాళ్లకి అది రోడ్డు, మనం ఆ రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగొచ్చే చుట్టాలం.

ఫెర్రీ అంటే ఒక్క రకం కాదు

ముందుగా పెద్ద సాధారణ ఓడలు. అడుగున లారీలూ కార్లూ పట్టే గ్యారేజీ, పైన అంతస్తుల్లో సీట్లు, క్యాబిన్లు, క్యాంటీన్, ఆ పైన గాలి తగిలే డెక్. ఏథెన్స్ రేవు పిరెయస్ నుంచి పారోస్, నక్సోస్ మీదుగా సాంటోరిని వెళ్లే బ్లూస్టార్ దెలోస్ ఈ కోవలోదే, రెండు వేల మందికి పైగా పడతారు. వేగం గంటకి సుమారు 24 నాట్లు, అంటే 44 కిలోమీటర్లు. రెండో రకం హై స్పీడ్ ఓడలు, ఎక్కువగా రెండు పొట్టలుండే కాటమరాన్లు. 35 నాట్లు దాటి పోతాయి, కానీ చాలావాటిలో ప్రయాణమంతా అద్దాల లోపల సీట్లో కూర్చోవాల్సిందే.

మూడోది ఓపెన్ ఫెర్రీ, ముందువైపు రేకు తలుపు దించి బండ్లని నేరుగా గట్టు మీదకి దింపేది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటుని చూసినవాళ్లకి దీన్ని విడిగా వర్ణించక్కర్లేదు. పిరెయస్ పక్కనున్న పెరామా నుంచి సలమీనా దీవికి ఇవి రోజంతా తిరుగుతూనే ఉంటాయి. ఇక ఏజీనా లాంటి దగ్గరి దీవులకి నీటిమీద లేచి పరుగెత్తే హైడ్రోఫాయిల్స్ ఉన్నాయి, నలభై నిమిషాల్లో దించేస్తాయి.

ఈ తేడా తెలియకపోతే తర్వాతి కథంతా గందరగోళమే, ఎందుకంటే గాలి రూల్ ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది.

ఏథెన్స్‌కి మూడు రేవులు, పిరెయస్‌కి పన్నెండు గేట్లు

ఏథెన్స్ నుంచి ఓడ అనగానే పిరెయస్ అనుకుంటారు కానీ తూర్పు తీరంలో రఫీనా, లావ్రియో అని మరో రెండు రేవులున్నాయి. ఆంద్రోస్, తీనోస్, మికొనోస్‌లకి రఫీనా దగ్గరి దారి, పైగా విమానాశ్రయానికి కూడా అదే దగ్గర. కేయా దీవికి వెళ్లేవాళ్లకి లావ్రియో. పడమటి వైపు అయోనియన్ సముద్రంలోని దీవుల సంగతి పూర్తిగా వేరు, కొర్ఫుకి ఇగుమెనిత్సా నుంచి, జకింథోస్‌కి కిల్లీని నుంచి ఎక్కాలి, వాటికి ఏథెన్స్ రేవులతో పనే లేదు.

పిరెయస్ మామూలు రేవు కాదు, ఇ-1 నుంచి ఇ-12 దాకా గేట్లతో గుర్రపునాడా ఆకారంలో పరుచుకుని ఉంటుంది. మెట్రో దిగితే ఎదురుగా కనిపించేవి సాంటోరిని వైపు ఓడలు ఆగే గేట్లు. రోడ్స్ వైపు వెళ్లే ఓడలు ఆగే ఇ-1 మాత్రం అవతలి కొసన ఉంటుంది, పెట్టెలు లాక్కుంటూ నడిస్తే అరగంట. విమానాశ్రయం నుంచి మెట్రో మూడో లైను 2022 అక్టోబరు నుంచి నేరుగా పిరెయస్ దాకా వస్తోంది, సుమారు గంట ప్రయాణం. టికెట్ మీద ఓడ పేరు, గంట చూసుకుని గేటు నంబరు చూసుకోనివాళ్లే చివరి నిమిషంలో ఉరుకులు పరుగులు పెడుతుంటారు.

ఓడ ఎక్కడం దగ్గర్నుంచి చూస్తే

ఓడ రేవులోకి వచ్చి ముందువైపు లంగరు వదిలి, వెనక్కి నడుస్తూ గట్టుకి ఆనుకుంటుంది. మోకులు విసురుతారు, వెనక తలుపు ఇంకా పూర్తిగా దిగకముందే గ్యారేజీలో ఇంజన్లు స్టార్ట్ అయిపోతాయి. లారీలు, బైకులు, పిల్లల బండ్లు తోసుకొచ్చే తల్లులు, పెట్టెలున్న జనం అందరికీ ఆ ఒక్క ఇనుప రాంపే దారి. లోపల డీజిల్ పొగ, ఈలలు, ఊరి పేరు గట్టిగా అరిచే సిబ్బంది. గోడ పక్కన దీవుల పేర్లు రాసిన అరలుంటాయి, నక్సోస్ అని రాసున్న అరలో నక్సోస్ వెళ్లేవాళ్లు పెట్టె పెట్టి మెట్లెక్కి పైకి పోవాలి. మధ్య దీవుల్లో ఈ తతంగం మొత్తం కొన్ని నిమిషాల్లో ముగిసిపోతుంది, అందుకే మన దీవి వచ్చే ముందే జనం కింద గ్యారేజీలో గుంపుగా నిలబడి ఉంటారు.

ఆ రాంప్ దగ్గర తొందర ఎంత ప్రమాదమో 2023 సెప్టెంబరులో ప్రపంచమంతా చూసింది. పిరెయస్‌లో క్రీట్ దీవికి వెళ్లే ఓడ కదులుతుండగా ఆఖరి క్షణంలో ఎక్కబోయిన ప్రయాణికుడిని సిబ్బంది రాంప్ మీద నుంచి నెట్టేశారు, ఆయన నీళ్లలో పడి చనిపోయాడు. వీడియో బయటికొచ్చాక దేశం అట్టుడికిపోయింది, షిప్పింగ్ మంత్రి రాజీనామా చేయాల్సివచ్చింది.

మబ్బు లేకుండా వీచే గాలి

ఇక అసలు చిక్కుముడి. వేసవిలో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్టెమి అంటారు. బాల్కన్ దేశాల మీద గాలి పీడనం ఎక్కువగా, టర్కీ మీద తక్కువగా ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య సందులోంచి గాలి దూసుకొస్తుంది. టర్కీ మీది ఆ అల్పపీడనం విడిగా పుట్టింది కాదు, మన ఉపఖండం మీద వానాకాలంలో ఏర్పడే రుతుపవన అల్పపీడనం పాకిస్తాన్, ఇరాన్‌ల మీదుగా పడమరకి చాచిన కొస అది. మనకి వానలు తెచ్చే వ్యవస్థే అక్కడ వాన లేని గాలిని తోస్తోంది. తూర్పు మధ్యధరా మీద వేసవిలో గాలి పైనుంచి కిందికి దిగుతుంటుంది, దిగే గాలిలో మబ్బు పట్టదు. అందుకే తుపానులాంటి గాలి, నిర్మలమైన ఆకాశం రెండూ కలిసే వస్తాయి. ఆంద్రోస్‌కీ ఎవియా దీవికీ మధ్య కాఫిరెయస్ జలసంధిలో గాలి ఇరుక్కుని ఇంకా జోరందుకుంటుంది, నావికులు తరతరాలుగా ఆ చోటంటే జంకుతారు.

గాలిని అక్కడ బోఫోర్ట్ స్కేలు మీద లెక్కిస్తారు. సున్నా అంటే నిశ్చలం, పన్నెండు అంటే హరికేన్. 6 అంటే గంటకి 39 నుంచి 49 కిలోమీటర్లు, 7 అంటే 50 నుంచి 61, 8 అంటే 62 నుంచి 74, 9 అంటే 75 నుంచి 88. అంకెలు ఒక్కోటే పెరుగుతున్నట్టు కనిపిస్తాయి కానీ గాలి తోపు వేగం వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 45 కిలోమీటర్ల గాలి 68కి చేరితే వేగం ఒకటిన్నర రెట్లు, ఓడ పక్క మీద పడే తోపు మాత్రం 2.3 రెట్లు. ఆరుకీ ఎనిమిదికీ మధ్య తేడా అది.

ఓడ బయల్దేరకుండా నిషేధం పెట్టేది కంపెనీ కాదు, కోస్ట్‌గార్డ్ కింద పనిచేసే రేవు అధికారులు. వాతావరణశాఖ అంచనా చూసి, ఓడ రకాన్నీ దారినీ బట్టి నిర్ణయం చెబుతారు. స్థూలంగా చిన్న ఓపెన్ ఫెర్రీలకీ హై స్పీడ్ ఓడలకీ 6, 7 దగ్గరే గేటు పడుతుంది, పెద్ద సాధారణ ఓడలకి 8 దగ్గర నిషేధం మొదలవుతుంది. హై స్పీడ్ ఓడలకి అంతర్జాతీయ నియమావళి ప్రకారం అల ఎంత ఎత్తు దాకా నడపొచ్చో పర్మిట్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి కెప్టెన్‌కి ధైర్యం ఉన్నా లాభం లేదు. పక్క ఓడ కదిలి మన ఓడ ఆగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రం దాటగలిగినా గట్టుకి ఆనుకోవడం కుదరకపోవచ్చు. రక్షణ గోడ సరిగా లేని చిన్న రేవులో వెనక్కి నడుస్తూ ఆనుకుంటున్న నూట నలభై మీటర్ల ఓడని పక్కగాలి కొడితే కెప్టెన్ ఆ దీవిని వదిలేసి ముందుకి వెళ్లిపోతాడు. అనఫీ లాంటి దీవివాళ్లు ఈ బాధ చలికాలంలో బాగా ఎరుగుదురు.

నిషేధం అతిగా ఉందా?

దీని మీద గ్రీసులోనే వాదన ఉంది. దీవులవాళ్లలో కొందరు, కెప్టెన్లలో కొందరు అనేది ఏంటంటే ఇప్పటి ఓడలు పాతకాలం ఓడలు కావు, పక్కలకి ఊగకుండా ఆపే స్టెబిలైజర్లు, బలమైన ఇంజన్లు ఉన్నాయి, అంచనా కాగితం మీది అంకె చూసి రేవు మొత్తానికి తాళం వేయడం కంటే ఓడనీ ఆ దారినీ ఎరిగిన కెప్టెన్‌కే నిర్ణయం వదిలేయాలి అని. మూడు రోజులు ఓడ రాకపోతే కొట్లో కూరగాయలు అయిపోతాయి, డయాలసిస్‌కి వెళ్లాల్సినవాళ్లు ఇరుక్కుపోతారు, చేపలు పట్టినవాళ్ల సరుకు పాడవుతుంది.

అవతలి పక్షం 1966 డిసెంబరు 8ని చూపిస్తుంది. ఆ రాత్రి క్రీట్‌లోని సూదా నుంచి పిరెయస్ వస్తున్న హెరాక్లియన్ అనే ఓడలో తుపాను మధ్య ఒక రిఫ్రిజిరేటర్ లారీ కట్టు తెంచుకుని పక్క తలుపుని బద్దలు కొట్టింది. ఫాల్కొనెరా దీవి దగ్గర ఓడ మునిగి 200 మందికి పైగా చనిపోయారు. వెళ్లాలా వద్దా అనే నిర్ణయాన్ని కెప్టెన్‌కీ యజమానికీ వదిలేస్తే వ్యాపార ఒత్తిడి ఎటు తోస్తుందో తెలిసిందే కదా అన్నది వీళ్ల మాట. నాకు ఈ మాటలోనే బరువు ఎక్కువ కనిపిస్తుంది. కెప్టెన్ మంచివాడు కాడని కాదు, టైముకి సరుకు అందాలన్న ఒత్తిడి లేని మూడో మనిషి ఒకడు ఉండాలని.

అలాగని గాలి రూల్ ఒక్కటే ప్రాణాలు కాపాడదు. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పారోస్ రేవుకి దగ్గర్లోనే పోర్తెస్ రాళ్లని గుద్దుకుని మునిగింది, 80 మందికి పైగా పోయారు. గాలి జోరుగానే ఉంది, కానీ దారి చూసుకోవాల్సినవాళ్లు చూసుకోకపోవడం, నీరు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా ఆపే తలుపులు తెరిచి ఉండటం అసలు కారణాలు. పైగా ఆ ఓడ 1966లో కట్టిన పాతది. 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు దాటే ప్రయాణాలకి ప్రతి మనిషి పేరూ రాసుకోవాలన్న యూరప్ నిబంధన ఉంది, మన పాస్‌పోర్టులో పేరూ టికెట్ మీద పేరూ ఒకటే ఉండాలని అడిగేది అందుకే.

మూడు గంటలు ఆదా చేస్తే ఎంత ఖర్చు

పిరెయస్ నుంచి సాంటోరిని సుమారు 130 నాటికల్ మైళ్లు. మధ్యలో ఆగుతూ వెళ్లే సాధారణ ఓడకి దాదాపు ఎనిమిది గంటలు, హై స్పీడ్‌కి అయిదు. సీజన్‌లో మొదటిదానిలో డెక్ టికెట్ ఇంచుమించు 50 యూరోలుంటే రెండోదానిలో 80, 90 దాకా పోతుంది. ఇంత తేడా ఎందుకంటే నీటిలో ఓడని తోయడానికి కావాల్సిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిదింతలు. ఒకే ఓడ 24 నాట్ల బదులు 36 నాట్లతో పోవాలనుకుందాం. వేగం ఒకటిన్నర రెట్లు, శక్తి సుమారు 3.4 రెట్లు. ప్రయాణ సమయం మూడింట రెండు వంతులకి తగ్గుతుంది కాబట్టి మొత్తం ఇంధనం 2.25 రెట్లు. 120 మైళ్ల దారిలో అయిదు గంటలు కాస్తా మూడు గంటల ఇరవై నిమిషాలవుతుంది. అంటే గంటా నలభై నిమిషాల కోసం రెట్టింపు పైగా నూనె. కాటమరాన్ తేలిక, పొట్ట ఆకారం వేరు కాబట్టి అసలు అంకెలు కొంత మారతాయి. కానీ అది మోసే లారీలు తక్కువ, ఆ ఖర్చంతా ప్రయాణికుల నెత్తినే పడుతుంది.

టికెట్ ధర మీద గొడవ

యూరప్‌లో ఒక దేశంలోని రేవుల మధ్య ఓడలు నడిపే హక్కుని 1992 నాటి నిబంధన అన్ని సభ్యదేశాల కంపెనీలకీ తెరిచింది. గ్రీసు దీవులకి మాత్రం 2004 దాకా గడువిచ్చారు, గ్రీసు 2001లో చట్టం చేసి కాస్త ముందుగానే తలుపు తీసింది. పోటీ వస్తే ధరలు దిగుతాయన్నది ఆశ. మికొనోస్, సాంటోరిని లాంటి దారుల్లో వేసవిలో పోటీ బాగానే ఉంది. కానీ డిసెంబరులో పన్నెండు మంది ఎక్కే దీవికి పోటీపడి ఓడ వేసేదెవరు? అలాంటివాటిని అక్కడ బంజరు లైన్లు అంటారు, షిప్పింగ్ శాఖ టెండర్లు పిలిచి సబ్సిడీ ఇచ్చి నడిపిస్తుంది. నక్సోస్ నుంచి ఇరాక్లియా, స్కినూసా, కూఫోనీసియా, దొనూసా మీదుగా అమోర్గోస్ వెళ్లే స్కొపెలీటిస్ అనే బుల్లి ఓడకి ఆ దీవుల్లో ఉన్న పేరు అంతా ఇంతా కాదు, చలికాలంలోనూ తిరుగుతుంది కాబట్టి.

2018లో ఇంకో పథకం మొదలైంది. దీవివాసి ఓడకి పెట్టే ఖర్చుకీ, అంతే దూరం నేల మీద బస్సుకి అయ్యే ఖర్చుకీ మధ్య తేడాని ప్రభుత్వం తిరిగిస్తుంది. టూరిస్టులకి ఇది వర్తించదు. అందుకే పక్క సీట్లో కూర్చున్న దీవివాసికి అసలు పడే ఖర్చు మనకంటే తక్కువ కావచ్చు, అందులో అన్యాయమేమీ లేదు.

కొత్త భారం కర్బన పన్ను లాంటిది. 5,000 టన్నుల పైబడిన ఓడలు వదిలే బొగ్గుపులుసు వాయువుకి 2024 నుంచి పర్మిట్లు కొనాలి. 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2025కి 70, 2026 నుంచి మొత్తానికి. టన్ను ఇంధనం కాలిస్తే సుమారు 3.2 టన్నుల వాయువు వస్తుంది. పర్మిట్ ధర టన్నుకి 70 యూరోలు అనుకుంటే ఒక్క టన్ను నూనె మీద మొదటి ఏడాది 90, రెండో ఏడాది 157, ఆ తర్వాత 224 యూరోలు అదనం. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది: రెండు లక్షల లోపు జనాభా ఉన్న దీవుల ఫెర్రీలకి 2030 చివరి దాకా ఈ భారం లేదు. ఆరు లక్షలు దాటిన క్రీట్‌కి ఆ వెసులుబాటు దక్కలేదు. దానికి తోడు 2025 మే 1 నుంచి మధ్యధరా మొత్తంలో ఓడల నూనెలో గంధకం 0.5 శాతం నుంచి 0.1కి దిగాలి, ఆ నూనె ఖరీదెక్కువ.

కంపెనీలు ఈ అంకెలన్నీ చూపించి ధర పెంచక తప్పదంటాయి. దీవులవాళ్లు ఇంకో లెక్క చూపిస్తారు: 2023 చివర్లో ఆనెక్ కంపెనీ కూడా బ్లూస్టార్ యజమాని ఆట్టికా గ్రూప్‌లో కలిసిపోయింది, క్రీట్ దారిలో మిగిలిన పెద్ద పోటీదారు మినోవన్ ఒక్కటే, ఇద్దరే ఉన్నచోట ధర దిగుతుందా అని. రెండూ నిజాలే. నూనె ఖర్చు పెరిగింది, బేరమాడే చోటు తగ్గింది.

ఓడ ఆగిపోతే డబ్బు ఎవరివ్వాలి

యూరప్‌లో సముద్ర ప్రయాణికుల హక్కులకి 1177/2010 అనే నిబంధన ఉంది. ఓడ రద్దయినా, బయల్దేరడం 90 నిమిషాలకి మించి ఆలస్యమైనా మీ ఇష్టం: మరో ఓడలో పంపమనొచ్చు, లేదా టికెట్ డబ్బు వెనక్కి అడగొచ్చు. కారణం గాలి అయినా సమ్మె అయినా ఈ హక్కు పోదు. పరిహారం మాత్రం వేరే. నాలుగు నుంచి ఎనిమిది గంటల ప్రయాణంలో రెండు గంటలు ఆలస్యంగా చేరితే టికెట్‌లో 25 శాతం, నాలుగు గంటలు దాటితే 50 శాతం ఇవ్వాలి. ఉదాహరణకి 50 యూరోల టికెట్‌తో సాంటోరిని వెళ్తుంటే ఇంజన్ పాడై రెండున్నర గంటలు ఆలస్యమైంది, 12.50 యూరోలు వస్తాయి. అయిదు గంటలైతే 25. అదే ఆలస్యం గాలివల్ల అయితే పరిహారం సున్నా, హోటల్ ఖర్చు కూడా కంపెనీ ఇవ్వక్కర్లేదు. ఫిర్యాదుకి గడువు రెండు నెలలు.

సమ్మె మాట వచ్చింది కాబట్టి, గ్రీసు నావికుల సమాఖ్య పిలుపిస్తే ఒక్క కంపెనీ కాదు, దేశమంతా ఓడలు రేవుల్లోనే ఉండిపోతాయి. 2025 ఫిబ్రవరి 28న టెంపీ రైలు ప్రమాదం రెండో ఏడాది నాడు దేశవ్యాప్త సమ్మెలో అలాగే జరిగింది. కాకపోతే సమ్మెలు ముందే ప్రకటిస్తారు, గాలి అలా చెప్పి రాదు. రద్దీ కూడా ముందే తెలిసేదే. ఆగస్టు 15 మేరీమాత పండుగకి తీనోస్ గుడికి వేలమంది వెళ్తారు, రేవు నుంచి గుడిదాకా మోకాళ్ల మీద పాకుతూ మొక్కు తీర్చుకునేవాళ్లుంటారు. ఆ వారంలో గాలికి ఒక ఓడ రద్దయితే తర్వాతి ఓడలో ఖాళీ దొరకడం కష్టం.

అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. సాంటోరినిలో మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఎక్కి రాత్రి పదకొండున్నరకి పిరెయస్ చేరే ఓడ, తెల్లవారుజామున నాలుగింటికి ఏథెన్స్ నుంచి విమానం, కాగితం మీద బాగానే కలుస్తాయి. ఓడ రద్దయితే ఓడ కంపెనీ 50 యూరోలు తిరిగిచ్చేస్తుంది, దాని బాధ్యత అక్కడితో సరి. విమానం టికెట్ వేరే ఒప్పందం, మీరు రాలేదు కాబట్టి అది పోయినట్టే, దుబాయ్‌లోనో దోహాలోనో ఎక్కాల్సిన తర్వాతి విమానంతో సహా. అందుకే ఏథెన్స్‌లో విమానం ఎక్కాల్సిన దీవులవాళ్లు కూడా గాలికాలంలో ముందురోజే పిరెయస్ చేరుకుంటారు.